జడ్చర్ల చౌరస్తాలో అద్దం కెమెరా

హైదరాబాద్ నుంచి బెంగళూరు దిక్కు 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 85 కిలోమీటర్లు వస్తే జడ్చర్ల. వంతెన మీదుగా దూసుకుపోయే కార్లకు ఈ ఊరు కనిపించేది కాసేపే. కిందికి దిగినవాళ్లకే దీని సందడి తెలుస్తుంది. కోదాడ నుంచి వచ్చి మహబూబ్‌నగర్ మీదుగా రాయచూరు వైపు సాగే 167వ నంబరు రహదారి ఇక్కడే పెద్ద రోడ్డును కలుస్తుంది. ఒక దిక్కు బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లి బస్తాలు, ఇంకో దిక్కు పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు. నడుమ బస్టాండు, మిర్చి బండ్లు, జిరాక్స్ సెంటర్లు, సెల్‌ఫోన్ రిపేరు షాపులు, వాటిని ఆనుకునే ఫొటో స్టూడియోలు. రాజధానిలో వాడి వదిలిన సరుకు పల్లెలకు చేరే దారిలో ఇలాంటి చౌరస్తా ఊళ్లు మొదటి మజిలీ. ట్రాక్టరు, ఫ్రిజ్, లాప్‌టాప్... అన్నీ ఈ దారినే దిగుతాయి. కెమెరా కూడా.

ఒక స్టూడియో లోపలి గదిలోకి వెళ్దాం. గోడకు తెల్ల గుడ్డ, ముందు ఒక స్టూలు, అటూ ఇటూ గొడుగు లైట్లు, స్టాండు మీద నికాన్ డీ90. ఈ మోడల్ మార్కెట్లోకి వచ్చింది 2008లో. చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఉబ్బి ఒక పక్కకు లేచింది. దాన్ని ఫెవిక్విక్‌తో అతికించిన మరక తెల్లగా కనిపిస్తోంది. పట్టీ మీద కంపెనీ పేరు సగం చెరిగింది. స్టూలు మీద సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టబోయే కుర్రాడు. ‘‘గడ్డం జర కిందికనుకో తమ్మీ. భుజాలు సమంగ పెట్టు. చెవులు రెండూ కనబడాలె.’’ ఠక్‌మని ఒక చప్పుడు, తెల్లటి మెరుపు, అంతే. పక్కనున్న కంప్యూటర్‌లో బొమ్మను 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. మ్యాక్సీ సైజు కాగితం మీద ఎనిమిది కాపీలు. ఆన్‌లైన్ దరఖాస్తు కోసం ఇంకో కాపీ. కొన్ని పరీక్షలకు ఆ కాపీ 20 నుంచి 50 కేబీ మధ్యనే ఉండాలి. కెమెరా తీసింది 1.23 కోట్ల పిక్సెళ్ల బొమ్మ. దరఖాస్తు ఫారం అడిగేది అందులో పిసరంత. ఈ పనికి కొత్త కెమెరా కొనేవాణ్ని పక్క దుకాణంవాళ్లే మందలిస్తారు.

ఇలాంటి పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా) మీద ఇప్పుడు నగరాల్లో కొత్త మోజు పుట్టింది. అక్కడ అది ఫ్యాషన్. జడ్చర్లలో మాత్రం దానికి ఒక్క రోజు కూడా విశ్రాంతి దొరకలేదు. ఇక్కడ దాన్ని ఎవరూ ‘తిరిగి కనుగొనలేదు’, ఎందుకంటే ఎవరూ పక్కన పడేయలేదు.

ఫొటోకూ పాలమూరుకూ ఉన్న బంధుత్వం పేరులోనే ఉంది. ఈ జిల్లా కేంద్రం పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, కెమెరా పట్టి, తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన మనిషి. 1905లో చనిపోయాడు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. వందేళ్లు దాటిన ఆ పలకల నుంచి ఇప్పటికీ కొత్తగా ప్రింట్లు వేసుకోవచ్చు. పరికరం పాతబడితే బొమ్మ పాతబడుతుందన్న లెక్క అప్పుడూ లేదు.

ఏటా ఆగస్టు 19న తెలుగు రాష్ట్రాల్లోని చిన్న ఊళ్లలో ఒక ముచ్చట చూడొచ్చు. ఫొటోగ్రాఫర్ల సంఘాలవాళ్లు లూయీ డాగేర్ అనే ఫ్రెంచి దొర పటానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, మిఠాయి పంచుతారు. డాగేర్ కనిపెట్టిన పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికి ఉచితంగా ప్రకటించింది 1839లో ఆ తేదీనే. పారిస్‌లోనే ఆయనకు ఇంత మర్యాద జరుగుతుందో లేదో గాని, మన మండల కేంద్రాల్లో మాత్రం గంధం బొట్టుతో సహా జరుగుతుంది. ఆ రోజు టెంటు కింద మెడల్లో వేలాడే కెమెరాలను గమనించండి. అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్‌ల పక్కనే పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన డీఎస్ఎల్ఆర్‌లు కూడా వరసలో నిలబడతాయి.

వాటి పుట్టుక సంగతి కొంచెం చెప్పుకోవాలి. వెలుతురును విద్యుత్తుగా మార్చి లెక్కపెట్టే సీసీడీ అనే చిప్పును అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ 1969లో కనిపెట్టారు. దానికి నోబెల్ బహుమతి 40 ఏళ్ల తర్వాత, 2009లో వచ్చింది. కొడక్ ఇంజినీర్ స్టీవ్ సాసన్ 1975లో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా 10 వేల పిక్సెళ్లది. ఒక బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 1991లో అదే కంపెనీ నికాన్ ఎఫ్3 ఫిల్మ్ కెమెరా వెనక 13 లక్షల పిక్సెళ్ల చిప్పు బిగించి అమ్మింది. బొమ్మలు దాచే పెట్టెను భుజానికి వేరుగా తగిలించుకోవాలి. 1999లో నికాన్ డీ1, 27 లక్షల పిక్సెళ్లతో, మొత్తం తానే రూపొందించిన ఒకే బాడీలో వచ్చాక పత్రికల ఫొటోగ్రాఫర్లు ఫిల్మ్ వదలడం మొదలుపెట్టారు. 2003లో కెనాన్ 300డీ వెయ్యి డాలర్లలోపు ధరకు దిగింది. మరుసటి ఏడాది నికాన్ డీ70, 2006లో 475 గ్రాముల బుల్లి డీ40. పెండ్లి ఫొటోగ్రాఫర్ చేతిలోంచి రీలు జారిపోయి కార్డు వచ్చింది ఆ నాలుగైదేళ్లలోనే. ముప్పై ఆరు ఫొటోలకు ఒక రీలు అన్న లెక్క పోయింది. ‘ఇంకో రీలు ఎక్కించమంటారా’ అని పెండ్లిపెద్దను అడిగి డబ్బు సంగతి తేల్చుకునే అలవాటూ దాంతోనే పోయింది.

ఇప్పుడు స్టూడియోలో విన్న ఆ ఠక్‌మనే చప్పుడు సంగతి. డీఎస్ఎల్ఆర్ లోపల లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో ఒక చిన్న అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురును అది పైకి మళ్లిస్తుంది. అక్కడ గరుకు తెర మీద బొమ్మ తలకిందులు కాకుండా పడుతుంది గాని కుడిఎడమలు తారుమారు అవుతాయి. ఆ పైనున్న పెంటాప్రిజం వాటిని సరిచేసి మన కంటికి అందిస్తుంది. పెద్ద అద్దం వెనకే దాక్కుని ఇంకో బుల్లి అద్దం ఉంటుంది. కొంత వెలుతురును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ చిప్పుకు పంపడం దాని పని. బటన్ నొక్కగానే రెండద్దాలూ ముడుచుకుని పైకి లేస్తాయి, షట్టర్ తెరలు జారుతాయి, సెన్సరు మీద వెలుతురు పడుతుంది, అద్దాలు మళ్లీ కిందికి. ఇదంతా కనురెప్ప పాటులో. డీ90 షట్టర్ అత్యధిక వేగం సెకనులో 4,000వ వంతు.

కంటి దగ్గర కనిపించేది తెర మీది వీడియో కాదు, అచ్చమైన వెలుతురు. దానికి కరెంటు అక్కర్లేదు. కెమెరా ఆపేసి ఉన్నా కన్ను ఆనిస్తే ఎదుటి మనిషి కనిపిస్తాడు. అందుకే డీ90 బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో 850 ఫొటోలు తీయగలదని కంపెనీల ప్రామాణిక పరీక్ష లెక్క. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి ఇందులో సగం వస్తే గొప్ప. తెల్లారుజామున ఎదుర్కోళ్లతో మొదలై అర్ధరాత్రి బరాత్‌తో ముగిసే లగ్గంలో చార్జర్ పెట్టుకునే ప్లగ్గు ఎక్కడుందో వెతుక్కున్నవాళ్లకే ఈ అంకె విలువ తెలుస్తుంది.

షట్టర్‌కు మాత్రం ఆయుష్షు ఉంటుంది. డీ90 షట్టర్‌ను లక్ష నొక్కుళ్లకు, డీ700, కెనాన్ 5డీ మార్క్ 2 షట్టర్లను లక్షన్నరకు పరీక్షించామని కంపెనీలు ప్రకటించాయి. ఒక పెండ్లికి రెండున్నర వేలు నొక్కారనుకుంటే నలభై పెండ్లిళ్లకు లక్ష నిండుతుంది. అంటే చేతినిండా పనున్న ఫొటోగ్రాఫర్‌కు ఒకటి రెండు సీజన్లు. అయినా అంకె దాటగానే కెమెరా ఆగిపోదు. రెండు లక్షలు దాటినవీ నడుస్తుంటాయి, అరవై వేలకే షట్టర్ తెర విరిగినవీ ఉంటాయి. విరిగితే షట్టర్ యూనిట్ మార్చొచ్చు. స్క్రూలు విప్పితే తెరుచుకునే బాడీ ఇది. ఈ కెమెరాలు ఇంతకాలం నిలవడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే. మెకానిక్‌కు చెయ్యి పెట్టే చోటుంది.

ఆ మెకానిక్‌లు ఎక్కువగా హైదరాబాద్ కోఠిలో ఉంటారు. అక్కడి గుజరాతీ గల్లీ పేరు తెలియని ఫొటోగ్రాఫర్ తెలంగాణలో ఉండడు. కొత్త కెమెరాలు, పాత కెమెరాలు, ఫ్లాష్‌లు, స్టాండ్లు, బ్యాటరీలు అన్నీ ఆ ఇరుకు దారిలోనే. ఆషాఢం, మూఢాలు వచ్చి ముహూర్తాలు ఆగితే పాలమూరు బ్యాగులు కోఠి బాట పడతాయి. పనిచేసే కెమెరా రిపేరుకు పోతుంది, పని తగ్గిన కెమెరా చేతులు మారుతుంది. ఆ మారే వరస ఇంచుమించు ఒకటే. నగరంలో పెద్ద పెండ్లిళ్లు తీసినవాళ్లు మిర్రర్‌లెస్‌కు మారగానే వాళ్ల బాడీ జిల్లా కేంద్రంలో మెయిన్ ఫొటోగ్రాఫర్‌కు వస్తుంది. అక్కడి నుంచి అతని అసిస్టెంటుకు. ఆ తర్వాత పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు తీసే ఊళ్లోని కుర్రాడికి. చివరాఖరికి స్టాండు మీద బిగిసి పాస్‌పోర్టు ఫొటోలకు. ప్రతి మజిలీలోనూ అది ఒకరికి మొదటి కెమెరా. లెన్సు, బ్యాగు, ఒక్కోసారి పని కూడా పాత యజమానే ఇప్పిస్తాడు. ‘అన్నా, నీ కెమెరా నాకే ఇయ్యాలె’ అని సీజన్ మొదట్లోనే మాట తీసుకుని పెట్టుకునేవాళ్లుంటారు.

లెన్సుల దగ్గర ఇంకా తమాషా. నికాన్ తన ఎఫ్ మౌంటును 1959లో మొదలుపెట్టింది. 1977 నుంచి వచ్చిన ఏఐ రకం లెన్సును 2008 నాటి డీ700కి తగిలిస్తే వెలుతురు కొలత సహా పనిచేస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. బుల్లి డీ40లో ఫోకస్ మోటారు లేదు. అందుకని చవగ్గా దొరికే పాత 50 ఎంఎం ఏఎఫ్ లెన్సు దానికి తగిలించి, బొమ్మ మసకగా వస్తోందని దిగులుపడే కుర్రాళ్లు కనిపిస్తారు. అదే లెన్సు డీ90కి పెడితే బాడీలోని మోటారు గిర్రున తిప్పేస్తుంది. కొనేముందు ఎవరైనా చెప్పాల్సిన మొదటి ముక్క ఇది.

సోవియట్ రష్యా నుంచి మన దేశానికి వచ్చిన జెనిత్ ఫిల్మ్ కెమెరాలు కొన్ని ఇళ్లలో బీరువా పైన ఇంకా ఉన్నాయి. వాటి మీద హీలియోస్ 44 అనే 58 ఎంఎం లెన్సు ఉంటుంది. వెనకాలి వెలుతురు చుక్కలను సుడి తిరిగినట్టు చూపిస్తుందని ప్రపంచమంతా ఇప్పుడు దాని వెంట పడుతోంది. అది కెనాన్‌కు పడుతుంది, నికాన్‌కు సరిగా పడదు. కారణం ఒకటిన్నర మిల్లీమీటరు. జెనిత్ లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఉండాల్సిన దూరం 45.46 మిల్లీమీటర్లు. కెనాన్ ఈఎఫ్ బాడీలో ఆ దూరం 44. మిగిలిన 1.46 మిల్లీమీటర్ల సందులో ఒక పల్చటి ఇత్తడి రింగు ఇమిడిపోతుంది. నికాన్‌లో దూరం 46.5, అంటే లెన్సు అప్పటికే ఒక మిల్లీమీటరు ఎడంగా ఉండిపోతుంది. దగ్గరి పువ్వు స్పష్టంగా వస్తుంది గాని దూరపు కొండ ఎప్పటికీ ఫోకస్‌లోకి రాదు. తాతల నాటి లెన్సు మనవడి కెమెరాకు పనికొస్తుందా లేదా అన్నది గోరు మందంలో తేలిపోతుంది.

ఇక సీసీడీ రంగుల గొడవ. 2010కి ముందరి కెమెరాల్లో చాలావాటిది సీసీడీ సెన్సరు, ఆ తర్వాత సీమాస్ అనే ఇంకో రకం చిప్పుల రాజ్యం. సీసీడీ రంగులు ఫిల్ములా ఉంటాయని, చర్మం నిండుగా వస్తుందని రీల్స్‌లో చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. డీ40, డీ80, డీ200లకు మళ్లీ గిరాకీ వచ్చింది అందుకే. నా మట్టుకు నాకు ఆ కథలో సగమే నిజం అనిపిస్తుంది. రెండు రకాల చిప్పులూ లెక్కపెట్టేది వెలుతురునే, వాటికంటూ సొంత రంగు లేదు. రంగు పుట్టేది చిప్పు మీద పరిచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గడుల్లో, ఆ తర్వాత కెమెరా లోపల జరిగే వంటలో. ఆ కాలం వంట కొంచెం ఘాటుగా ఉండేది, నీడలు నల్లగా దిగిపోయేవి. ఈ కాలం కళ్లు ఫోన్లు తీసే చదునైన బొమ్మలతో విసిగిపోయాయి గనక ఆ ఘాటే బాగుందనిపిస్తోంది. చిప్పుకు దండం పెట్టాల్సిన పని లేదు.

కానీ సీసీడీకి దండం పెట్టాల్సిన చోటు ఒకటుంది, దాని గురించి రీల్స్ చేసేవాళ్లు పెద్దగా మాట్లాడరు. అది పాలమూరు మిట్టమధ్యాహ్నపు ఎండ. పదకొండున్నరకు ముహూర్తం, తలంబ్రాలయ్యాక బంధువులంతా మండపం బయట గ్రూపు ఫొటోకు నిలబడతారు. తలపాగాల కింద, ముసుగుల కింద మొహాలు నల్లగా పడతాయి. ఫ్లాష్ వేయాలి. అయితే తెరలు జారే షట్టర్ ఉన్న కెమెరాల్లో ఫ్లాష్‌తో సెకనులో 200 లేదా 250వ వంతు కన్నా వేగంగా తీస్తే బొమ్మలో నల్ల పట్టీ పడుతుంది. డీ70, డీ50, డీ40ల్లోని సీసీడీ మాత్రం వెలుతురు పట్టడాన్ని తానే ఎలక్ట్రానిక్‌గా మొదలుపెట్టి ఆపగలదు. అందుకని వాటిలో ఫ్లాష్‌తో 500వ వంతు దాకా పోవచ్చు. ఐఎస్ఓ 200 దగ్గర అంత ఎండలో 200వ వంతుకు ఎఫ్/16 పెట్టాల్సి వస్తే, 500వ వంతుకు ఎఫ్/10 సరిపోతుంది. కంత పెద్దదైంది గనక ఫ్లాష్ పెట్టాల్సిన బలం రెండున్నర రెట్లు తగ్గుతుంది. చిన్న ఫ్లాషుతో పెద్ద గ్రూపు వెలిగిపోతుంది. ఆ సౌకర్యం ఎంతో ఖరీదైన డీ200కే లేదు. సూర్యుడితో పోటీ పడే పని రోజూ ఉన్న నేలకు ఇంతకన్నా అక్కరకొచ్చే గుణం ఏముంది?

రాత్రి మాత్రం వాటి ఆట కట్టు. ఐఎస్ఓ 800 దాటితే డీ40 బొమ్మలో ఇసుక చల్లినట్టు రేణువులు తేలుతాయి. కార్తీకంలో కురుమూర్తి జాతరకు వెళ్లి ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపును ఫ్లాష్ లేకుండా తీయాలంటే ఎఫ్/1.8 లెన్సు కావాలి, చెయ్యి వణక్కూడదు, కాస్త అదృష్టమూ ఉండాలి. ఫంక్షన్ హాళ్లలో వేదిక వెనక ఎల్ఈడీ గోడలు వచ్చాక పాత ఫోకస్ పాయింట్లు తడబడుతున్నాయి. కంటిని గుర్తుపట్టి వెంటాడే మిర్రర్‌లెస్ ఫోకస్ ముందు ఇవి నిలవలేవన్నది ఒప్పుకోవాల్సిందే. పెద్ద పెండ్లిళ్ల నుంచి ఇవి దిగిపోయింది ఊరికే కాదు.

వీడియో కథ వేరు. డీఎస్ఎల్ఆర్‌లో వీడియో తీయడం డీ90తోనే మొదలైంది. కొన్ని వారాలకే, 2008 సెప్టెంబరులో కెనాన్ ప్రకటించిన 5డీ మార్క్ 2 ఫుల్ హెచ్‌డీ తీసి సినిమావాళ్ల కళ్లు తెరిపించింది. తెలుగులో ఆ తెగింపు రాంగోపాల్ వర్మది. రవితేజ, ఛార్మీలతో ‘దొంగల ముఠా’ను కెనాన్ 5డీ కెమెరాలతో, బహు కొద్దిమంది సిబ్బందితో, ఐదు రోజుల్లో తీసి 2011 మార్చి 18న విడుదల చేశాడు. సినిమా ఎలా ఉందన్నది వేరే చర్చ. పెండ్లి తీసే కెమెరాతో థియేటర్ తెర నింపొచ్చన్న సంగతి మాత్రం ఊరూరి కుర్రాళ్లకు చేరింది. ఆ తర్వాతి పదేళ్లలో యూట్యూబ్‌లో పొంగిన షార్ట్ ఫిల్ములు, తెలంగాణ జానపద పాటల వీడియోలు ఎన్ని ఈ తరగతి కెమెరాల మీద నడిచాయో! ప్రీ వెడ్డింగ్ పాటలు సరే సరి.

మాటలు చాలు, ఒక డీ90 పట్టుకుని బయటికి వెళ్దాం. జడ్చర్ల మండలం ఆల్వాన్‌పల్లి దగ్గర పొలాల మధ్య గొల్లత్తగుడి ఉంది. ప్రాచీనమైన జైన ఆలయం, అదీ మొత్తం ఇటుకతో కట్టింది. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటిదని చెబుతారు. ఎత్తు సుమారు 65 అడుగులు. ఇంత పాత ఇటుక గుడి నిలిచి ఉండటం దేశంలోనే అరుదు, పోల్చాలంటే ఉత్తరప్రదేశ్‌లోని భీతర్‌గావ్ దాకా పోవాలి. రాతి గుడులు చూసీ చూసీ అలవాటైన కళ్లకు ఈ ఎర్రటి ఇటుక గోపురం వింతగా తోస్తుంది.

దీన్ని ఎక్కడ నిలబడి తీయాలి? కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సును 18 దగ్గర పెట్టి, కెమెరాను నిలువుగా పట్టుకుంటే 50 అడుగుల దూరం నుంచే గుడి మొత్తం పడుతుంది. కానీ అంత దగ్గర నుంచి తల పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలిపోయినట్టు వస్తుంది. 50 ఎంఎం లెన్సు పెట్టి 140 అడుగుల వెనక్కి నడవండి. గుడి నిటారుగా నిలబడుతుంది, ముందు ఎర్ర నేల, వెనక ఆకాశం వాటంతటవే అమరుతాయి. జూమ్ లేని పాత లెన్సు కాళ్లకు పని చెబుతుందనేది అందుకే. డీ90 బొమ్మ నిలువునా 4,288 పిక్సెళ్లు. 65 అడుగులను వాటికి పంచితే ఒక్కో పిక్సెల్ వాటాకు వచ్చేది అర సెంటీమీటరు కన్నా తక్కువ. అంటే ఇటుక వరసలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు, సున్నం రాలిన సందులతో సహా. దాన్ని ఇంట్లో 4కే టీవీ మీద పెట్టి చూస్తే ఆ టీవీకి ఉన్నవి 83 లక్షల పిక్సెళ్లే, కెమెరా ఇచ్చినవి అంతకు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆల్బమ్‌లో 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు పేజీ నిండా వేసినా అంగుళానికి 238 చుక్కలు మిగులుతాయి. చేతిలో పట్టుకుని చూసే బొమ్మకు అది చాలు. నాలుగైదు కోట్ల పిక్సెళ్ల కెమెరాలు దేనికని అడిగితే, అడ్డదిడ్డంగా తీసి తర్వాత కత్తిరించుకోవడానికి అని ఒక పెద్ద ఫొటోగ్రాఫర్ నవ్వుతూ అన్నాడు. పూర్తిగా న్యాయమైన మాట కాదు గాని గుర్తుండిపోయింది.

పొద్దున్నే, లేదా పొద్దువాలేటప్పుడు వెళ్తే వాలు వెలుతురులో ఇటుకల అంచులు పైకి తేలతాయి. మధ్యాహ్నం వెళ్తే అంతా చదునుగా వస్తుంది. పక్కనే గంగాపురం చెన్నకేశవస్వామి గుడి, రాతి పని తీయాలనుకునేవారికి. ఇంకాస్త దూరం పోతే మహబూబ్‌నగర్ శివార్లలో మూడెకరాల్లో పరుచుకున్న పిల్లలమర్రి. 2018లో చెదలు పట్టి కూలిపోతుంటే ఆ మర్రిచెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. జడ్చర్లలోనే బూర్గుల రామకృష్ణారావు పేరిట ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. చిన్న పువ్వులు, గడ్డి గింజలు తీయాలంటే ఖరీదైన మ్యాక్రో లెన్సు అక్కర్లేదు. పాత 50 ఎంఎం లెన్సును చిన్న రింగుతో తలకిందులుగా బిగిస్తే చీమ కాళ్లు లెక్కపెట్టొచ్చు.

పాలమూరులో కెమెరాకు అసలు శత్రువు దుమ్ము. కోస్తాలో లెన్సుకు బూజు పడుతుందని భయపడతారు, ఇక్కడి పొడి గాలిలో ఆ బాధ తక్కువ. చెల్కల మీంచి లేచే సన్నటి ఎర్ర దుమ్ము మాత్రం లెన్సు మార్చిన ప్రతిసారీ లోపలికి పోతుంది. ఎఫ్/16 దగ్గర నీలాకాశం తీస్తే నల్ల మచ్చలు చుక్కల్లా కనిపిస్తాయి. 2006లో 400డీ నుంచి కెనాన్ కెమెరాల్లో సెన్సరును వణికించి దుమ్ము దులిపే ఏర్పాటు వచ్చింది, డీ90లోనూ ఉంది. డీ40, డీ70ల్లో లేదు. రబ్బరు బుడ్డీతో గాలి ఊదాల్సిందే. నోటితో ఊదినవాళ్లకు కోఠి ప్రయాణం తప్పదు.

2012లో ప్రపంచం మొత్తమ్మీద కంపెనీలు 1.6 కోట్లకు పైగా డీఎస్ఎల్ఆర్‌లు పంపాయి. 2020 వచ్చేసరికి మిర్రర్‌లెస్‌లు వాటిని దాటేశాయి. కెనాన్ పెద్ద కెమెరా 1డీఎక్స్ మార్క్ 3, నికాన్ డీ6 రెండూ ఆ ఏడాది వచ్చినవే, వాటి తర్వాత ఆ వరసలో కొత్తది రాలేదు. పెంటాక్స్ ఒక్కటే అద్దాన్ని వదలనని మొండిగా కూర్చుంది. కొత్తవి తగ్గేకొద్దీ చేతులు మారేవి పెరిగాయి. ఒక్క 2012లో అమ్ముడైనవాటిలోనే ఎన్నో ఇంకా ఎవరో ఒకరి బ్యాగులో ఉన్నాయి.

కెమెరా పట్టుకుని జడ్చర్ల చుట్టుపక్కల ఒక రోజు గడపాలనుకుంటే హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే బస్సులు జడ్చర్ల మీదుగానే వెళ్తాయి. కాచిగూడ నుంచి కర్నూలు వైపు పోయే రైలు మార్గంలోనూ జడ్చర్ల స్టేషన్ ఉంది. గొల్లత్తగుడికి సొంత బండి గాని, మాట్లాడుకున్న ఆటో గాని మేలు. నీళ్లు, టోపీ వెంట ఉండాలి, గుడి దగ్గర నీడ కోసం ఆశ పెట్టుకోవద్దు. బొటానికల్ గార్డెన్‌కు కళాశాల పనివేళల్లో వెళ్లి, కార్యాలయంలో అనుమతి అడగాలి.

పాత కెమెరా కొనదలిస్తే పట్టపగలు కొనండి. తెల్ల గోడను ఎఫ్/16లో తీసి మచ్చలు చూడండి. లెన్సు మూత పెట్టి కొన్ని సెకన్ల ఫొటో తీస్తే చెడిన పిక్సెళ్లు ఎర్రగా, తెల్లగా మెరిసి బయటపడతాయి. నికాన్ అయితే ఫొటో ఫైలులోనే షట్టర్ ఎన్నిసార్లు నొక్కారన్నది రాసి ఉంటుంది, దాన్ని చదివే ఉచిత ప్రోగ్రాములున్నాయి. తొలి కెనాన్ 5డీకి అద్దం జిగురు వదిలి ఊడిపోయే లోపం ఉండేది, కంపెనీ చాలా కెమెరాలకు ఉచితంగా సరిచేసిచ్చింది. మీకు దొరికింది సరిచేసిందో కాదో అడగండి. డీ70, 300డీ, 5డీ లాంటివి కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వాడతాయి. కార్డు గుంటలో వరసగా 50 సన్నటి సూదులుంటాయి, టార్చి వేసి చూడండి. ఒక్కటి వంగినా బేరం తగ్గించొచ్చు, లేదా వదిలేయొచ్చు. అన్నీ బాగుంటే కార్డు రీడరు కూడా అందులోనే కలిపి ఇమ్మనండి. విడిగా వెతుక్కోవాలంటే ఇప్పుడు కెమెరా కన్నా అదే కష్టం.